తలుపు వెనక పుస్తకం

మొన్న అటక మీది అట్టపెట్టెలు దించుతుంటే మూడు పాత నోటుబుక్కులు బయటపడ్డాయి. గట్టి అట్ట, రూళ్ళ కాగితం, అట్టకి పైమూల చిల్లు పొడిచి కట్టిన పురికొస. ఆ పురికొస చేతికి తగలగానే లోపల ఏముందో తెలిసిపోయింది. మా వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడిన పుస్తకాలవి. 1996 నుంచి 2002 దాకా మొత్తం ఏడు నిండాయి. ఇళ్ళు మారడంలో నాలుగు ఎటు పోయాయో పోయాయి.

మా అమ్మాయి పసిదానితో వచ్చి ఇక్కడే ఉంది. వచ్చే నెల మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుని, "ఏంటమ్మా అవి, పద్దు పుస్తకాలా?" అంది. పద్దులే అన్నాను. డబ్బు పద్దులు మాత్రం కాదు.

నేను నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. ఆయనది ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ మీద పని. నైట్ డ్యూటీ అయితే నాకు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. వార్డు అప్పగించి బయటపడేసరికి ఎనిమిదీ ఇరవై, ఇల్లు చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. ఆయన ఎనిమిదిన్నరకల్లా మెషిన్ దగ్గర నిలబడాలంటే ఎనిమిదీ ఐదుకి గడప దాటాలి. మధ్యలో ముప్పావుగంట మిగిలేది. బతుకంతా ఆ ముప్పావుగంట చుట్టూ తిరిగిందంటే ఎక్కువ చేసి చెప్పినట్టుంటుంది గానీ, ఆ ఆరేళ్ళు మాత్రం దాని చుట్టూనే తిరిగాం. అత్తయ్య మా దగ్గర ఉన్న నెలల్లో ఫర్వాలేదు. ఆవిడ మా బావగారింటికి వెళ్ళిన నెలల్లో పక్కింటి పిన్నిగారు. పిన్నిగారికి ఒంట్లో బాగాలేని రోజులు కూడా ఉండేవి. వాటి జోలికి పోను.

పుస్తకం పెట్టడానికి కారణం ఒక జ్వరం. అమ్మాయికి అప్పుడు పదమూడు నెలలు, పది కిలోల బరువు. పొద్దున నేను వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటర్ పెడితే 102. సీసా దించి జ్వరం మందు ఐదు ఎం.ఎల్. పట్టించి, తడిగుడ్డ వేసి కూర్చున్నాను. సాయంత్రం ఆయన వచ్చి చొక్కా విప్పుకుంటూ, "నేను ఎనిమిదింటికి ఒక డోసు ఇచ్చి వెళ్ళాను, మళ్ళీ ఎప్పుడిచ్చావ్?" అన్నారు. పిన్నిగారితో చెప్పి వెళ్ళారట. ఆవిడ పాపం పిల్లని నా చేతిలో పెట్టి తన పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

అంటే గంట తేడాలో రెండు డోసులు. ఆ మందు పారాసిటమాల్, ఐదు ఎం.ఎల్.లో 125 మిల్లీగ్రాములు. పిల్లలకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు చాలు. ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి, రోజులో నాలుగుసార్లకి మించకూడదు. ఇది వార్డులో కొత్తగా చేరిన అమ్మాయిలకి నేనే చెప్పేదాన్ని. కిలోకి 25 పడింది, ఒక్కసారికి దానివల్ల ప్రమాదం లేదని తెలుసు. తెలిసినా ఆ రాత్రి డ్యూటీలోంచి పిన్నిగారింటికి రెండుసార్లు ఫోన్ చేసి, పిల్లని లేపి చూడమన్నాను. రెండోసారి ఆవిడ విసుక్కుంది. విసుక్కోదా మరి, అర్ధరాత్రి ఒంటిగంటకి.

వార్డులో మాకో మాట ఉండేది. రాయనిది చెయ్యనట్టే. మందు ఇచ్చావా, ఇచ్చిన టైమ్ రాసి సంతకం పెట్టు. పెట్టకపోతే నువ్వు ఇవ్వనట్టే లెక్క. డ్యూటీ మారేటప్పుడు రిపోర్ట్ బుక్ పట్టుకుని బెడ్ బెడ్‌కీ తిరిగి అప్పగించేవాళ్ళం. నలభై మంది ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఇంత జాగ్రత్త పడేదాన్ని, నా ఒక్క బిడ్డకి పడలేదే అని సిగ్గేసింది. మర్నాడు డ్యూటీ దిగి వస్తూ నోటుబుక్కు కొన్నాను.

మొదటి పేజీ చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. అచ్చం వార్డు రిపోర్టులాగే గళ్ళు గీశాను. టైమ్, పాలు, మందు, విరేచనం, నిద్ర, సంతకం. సంతకం ఎందుకో ఆ ఇంట్లో! ఆయన మొదటిరోజే ఆ గడిలో కోర్టు కాగితం మీద పెట్టినట్టు ఇంటిపేరుతో సహా సంతకం చేశారు. రెండో రోజు నుంచి పొట్టి అక్షరాలు. నాలుగో పేజీకి గళ్ళు పోయాయి.

అత్తయ్యకి చదువు రాదు. ఆవిడకి మరో లిపి తయారైంది. పాలు తాగితే సున్నా, నిద్రపోతే అడ్డగీత, మందు వేస్తే చుక్క. పెన్సిలు నొక్కిపెట్టి గీసేది, వెనకపేజీలోకి కూడా అచ్చు పడేది. ఒక రోజు సున్నాలు, గీతల మధ్య పక్కపక్కనే రెండు చిన్న నిలువు గీతలు ఉన్నాయి. "ఇదేంటత్తయ్యా?" అని అడిగితే, "చెయ్యి జారిందమ్మాయ్" అంది. సరే అనుకున్నాను. మొన్న పుస్తకం తిప్పుతుంటే ఆ గీతలు మళ్ళీ కనపడ్డాయి. ఆ తరవాత నాలుగో రోజు నా దస్తూరీలో, పేజీకి అడ్డంగా, ఇంత లావు అక్షరాలతో ఉంది: "ఈరోజు నడిచింది! నాలుగు అడుగులు!! నేను చూశాను." ఆ రోజు అత్తయ్య నా పక్కనే నిలబడి, "అమ్మొచ్చిందాకా ఆగింది చూడు" అంది. ఆ రెండు గీతలు పాదాలేమో. ఆవిడ పోయి పదకొండేళ్ళు. ఎవర్ని అడగను?

పుస్తకం పుట్టకముందు పది నెలల సంగతి రాతల్లో లేదు, ఒంట్లో ఉంది. అమ్మాయికి మూడు నెలలు నిండగానే డ్యూటీలో చేరాను. చేరిన రోజు పదకొండు గంటలకల్లా యూనిఫాం ముందు భాగం తడిసిపోయింది. ఎవరో పేషెంట్ బిడ్డ ఏడిస్తే చాలు, నాకు పాలు కారేవి. లినెన్ రూమ్‌లో దుప్పట్ల బొత్తుల మధ్య తలుపుకి వీపు ఆనించి నిలబడి, చేత్తో పిండి గ్లాసులో పట్టేదాన్ని. గొళ్ళెం లేని గది అది. ఎవరైనా తోస్తే నా వీపే గొళ్ళెం. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయని ఇప్పుడు తల్లులకి కాగితం ఇచ్చి మరీ చెబుతున్నారు. అప్పట్లో నాకు ఆ ధైర్యం లేక ముప్పాతిక భాగం సింకులో పోశాను. అక్కడ ఏడ్చాను కూడా. పాలు పోసినందుకో, నిద్ర లేకో.

చాలా ఏళ్ళ తరవాత యూనియన్ వాళ్ళిచ్చిన ఓ చిన్న పుస్తకంలో చదివి ఆశ్చర్యపోయాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన 1919లోనే ప్రసూతి మీద ఒక ఒప్పందం చేసిందట. కాన్పుకి పన్నెండు వారాల సెలవు, పాలిచ్చే తల్లికి పని గంటల్లోనే రోజుకి రెండుసార్లు అరగంట చొప్పున విరామం. 1919! మా అమ్మ కూడా పుట్టలేదు. అదే సంస్థ 2000లో ఆ సెలవు కనీసం పద్నాలుగు వారాలు ఉండాలంది. ఆ మరుసటేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దంది. అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలు అనేవారు. రెండూ మంచి మాటలే. పద్నాలుగు వారాలంటే మూడు నెలల పైన కొద్ది రోజులు. మిగతా మూడు నెలలు ఎలా గడపాలో ఆ రెండు కాగితాలూ చెప్పవు. ఆ మూడు నెలలే నా లినెన్ రూమ్.

తొమ్మిదో నెల వచ్చాక మరో చిక్కు. అప్పటిదాకా ఎవరి చంకనైనా నవ్వే పిల్ల, నేను యూనిఫాం వేసుకోవడం చూస్తే చాలు గుక్కపట్టేది. కంటికి కనపడకపోయినా అమ్మ ఎక్కడో ఉందని బిడ్డకి తెలిసొచ్చే వయసు అది. ఉందని తెలుసు, తిరిగొస్తుందని మాత్రం ఇంకా తెలీదు. నేను తెలివిగా పిల్లని ఆటలో పెట్టి వెనకగుమ్మం నుంచి జారుకోవడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి స్నానానికి వెళ్ళినా తలుపు బాదేది. నిద్రలో కూడా నా కొంగు పిడికిట్లో పెట్టుకునేది. మా హెడ్ సిస్టర్ విని, "దొంగలా ఎందుకే పోతావ్? చెప్పి వెళ్ళు. ఏడిస్తే ఏడవనీ" అంది. నలుగురు పిల్లల్ని నైట్ డ్యూటీలమీద పెంచిన మనిషి. ఆ మర్నాటి నుంచి ఎదురుగుమ్మం దగ్గర కూర్చుని, "డ్యూటీకి వెళ్ళొస్తా" అని చెప్పి, వేళ్ళు విడిపించుకుని వెళ్ళేదాన్ని. మలుపు తిరిగేదాకా ఏడుపు వినపడేది. రెండు వారాలు నరకం. తరవాత ఒక రోజు చెయ్యి ఊపింది. నాకు హాయిగా ఉండాలా? ఉండలేదు. అప్పుడే అలవాటైపోయానా దీనికి అనిపించింది. మనిషికి ఏదీ చాలదు.

నిద్ర గురించి రాయకపోతే ఈ కథ అబద్ధం అవుతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే అది నిద్ర కాదు, కునుకుకి ఎక్కువ. తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్ళు చల్లబడి కళ్ళు మూతలు పడిపోతుంటే డ్రిప్పుల చుక్కలు లెక్కపెడుతూ నిలబడతాం. తీరా ఇంటికొచ్చి పడుకుంటే కిటికీ రెక్క సందులోంచి ఒక్క గీత వెలుతురు పడినా ఒళ్ళు లేచి కూర్చుంటుంది. ఒంట్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ ఇచ్చారు. పేపర్లో చదివి ఆయనకి చూపించాను. "నువ్వు పగలు నిద్రపోవేం అని నేను విసుక్కున్నదానికి సమాధానం ఇదన్నమాట" అన్నారు. పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చినా క్షమాపణ క్షమాపణే, దాచుకున్నాను.

అందుకే మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. తలుపు మీద అట్టముక్క తిప్పి ఉంటే అమ్మ పడుకున్నట్టు. అట్టకి ఒకవైపు సూర్యుడు, ఒకవైపు చందమామ, అమ్మాయే రంగులేసింది. పగలు పదింటికి చందమామ తిప్పేవాళ్ళం. పిల్లలు గుసగుసలతో దెబ్బలాడుకునే ఇల్లు మీరెప్పుడైనా చూశారా? మాది అలాంటిది.

ఆయన గురించి చెప్పాలి. చెడ్డమనిషి అని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. 1997లో అమ్మాయికి అమ్మవారు పోసినప్పుడు నాకు సెలవు దొరకలేదు. వార్డులో ఇద్దరు సిస్టర్లు అప్పటికే సెలవులో ఉన్నారు. ఆయన వెళ్ళి వారం రోజులు అడిగారు. పైఅధికారి కాగితం చూసి, "మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?" అన్నాడట. ఆయన తిరిగొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. చివరికి జీతం లేని సెలవు పెట్టి ఉన్నారు. నేను చెప్పిన ఆ యూనియన్ పుస్తకంలోనే 1981 ఒప్పందం ఒకటి ఉంది. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి. పిల్లల బాధ్యత మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇద్దరికీ ఉంటుందని, ఆ కారణంగా ఉద్యోగంలో ఎవరికీ నష్టం జరగకూడదని. ఆ పేజీ ఆయన రెండుసార్లు చదివారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అమ్మాయి పుస్తకాలు తిరగేస్తూ తిరగేస్తూ, "అమ్మా, అన్నీ నీ చేతిరాతే ఏంటి?" అంది. నేనెప్పుడూ గమనించలేదు. నిజమే. పేజీకి ఇరవై లైన్లుంటే పదహారు నావి. "శుక్రవారం టీకా, కార్డు బీరువా పై అరలో." "స్కూల్లో రంగు కాగితాలు అడిగారు, సోమవారంలోపు." "పిన్నిగారి మనవడి పుట్టినరోజు, ఏదైనా కొనండి." "బూట్లు బిగుతయ్యాయి, ఒక నంబరు పైది." వాటి కింద ఆయన రాతలు: "సరే." "కొన్నాను." "ఇచ్చాను." చేసిన పనులు చూస్తే ఇద్దరివీ దాదాపు సమానమే. ఒక్కోసారి ఆయనవే ఎక్కువ. కానీ ఏం చెయ్యాలో గుర్తుపెట్టుకునే పని మొత్తం నాది. వార్డులో ఆ పనికి మనిషి ఉంటుంది, హెడ్ సిస్టర్ అంటారు, జీతం ఎక్కువ.

"ఇక్కడ మాత్రం నాన్నది" అని రెండో పుస్తకం మధ్యలో వేలు పెట్టింది అమ్మాయి.

1998లో నన్ను ఐసీయూ ట్రైనింగ్‌కి వేరే ఊరు పంపించారు. ఇరవై ఒక్క రోజులు. దానికి అప్పుడు మూడేళ్ళు. అత్తయ్య బావగారింటి దగ్గర. వెళ్ళే ముందు రోజు ఎనిమిది పేజీల సూచనలు రాశాను. ఆయన అవి చదివినట్టు ఎక్కడా దాఖలా లేదు. కానీ ఆ ఇరవై ఒక్క రోజులూ ఆయన రాసింది చూస్తే, అది వేరే మనిషి దస్తూరీ అనిపిస్తుంది.

"రాత్రి 2.10. లేచింది. నీళ్ళంది. ఇస్తే తాగలేదు. కావాల్సింది నీళ్ళు కాదు."

"జుట్టు రెండు జడలు వెయ్యమంది. ఒకటే వచ్చింది. రెండోది రేపు."

"పొద్దున నీ చీర వాసన చూస్తూ అలమర దగ్గర కూర్చుంది. నేనూ కాసేపు కూర్చున్నా."

"ఈరోజు అడగలేదు నీ గురించి. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా."

"బూట్లు మళ్ళీ బిగుతు. నాకెవరూ చెప్పలేదు, నేనే చూశా."

ఆ చివరి లైను కింద గీత గీసుకున్నారు. గర్వంతో అనుకుంటా.

తిరిగొచ్చిన రోజు భుజాన సంచి దించకుండానే తలుపు వెనక నిలబడి ఇదంతా చదివాను. చదువుతూ ఏం చేశానో తెలుసా? ఎర్ర పెన్ను తీశాను. ట్రైనింగ్ వేడి ఇంకా తగ్గలేదు, చార్టు కనపడితే చెయ్యి ఆగేది కాదు. "ఒళ్ళు వెచ్చగా ఉంది" అని ఆయన రాస్తే పక్కన "ఎంత?" అని. "దగ్గు మందు ఇచ్చాను" అంటే "ఎన్ని ఎం.ఎల్.? టైమ్?" అని. "ఆలస్యంగా పడుకుంది" అంటే "ఎందుకు?" అని. అమ్మాయి లెక్కపెట్టింది, పద్నాలుగు చోట్ల ఉన్నాయి. చీర దగ్గర కూర్చున్న లైను పక్కన ఏమీ లేదు. అదొక్కటీ వదిలేశాను.

ఆయన సాయంత్రం వచ్చి పుస్తకం చూసి తలుపు వెనకే తగిలించారు. ఏమీ అనలేదు. తరవాతి పేజీ నుంచి మళ్ళీ "సరే." "కొన్నాను." "ఇచ్చాను." ఇన్నేళ్ళూ నేను చెప్పుకున్న కథ ఏంటంటే, ఈయన మూడు వారాలు చేసి చేతులు దులుపుకున్నారని. చుట్టాల దగ్గర జోకులు కూడా వేశాను. పుస్తకం వేరే కథ చెబుతోంది. పెన్ను ఆయన వదల్లేదు. నేనే లాక్కున్నాను. లాక్కుని, మొత్తం నేనే మొయ్యాల్సి వస్తోందని ముప్పై ఏళ్ళు సణిగాను. మరి ఆయన మాత్రం ఎందుకు పోట్లాడలేదు, ఆ ఎర్ర గీతల్ని చూసి "ఇదేంటి" అని ఎందుకు అడగలేదు అని కూడా అనిపిస్తుంది. వదిలెయ్యడం తేలికైంది కదా ఆయనకి. ఆ మాటా అన్నాను మొన్న ఆయనతో. పేపరు మడిచి, "రెండూ నిజమే" అన్నారు. మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

అమ్మాయి మాత్రం ఆ పేజీలు ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. వాళ్ళాయనకి పంపిందట. ఎందుకే అంటే, "ఊరికే" అంది.

మూడో పుస్తకం 2001ది. బాబుకి పది నెలలు. అమ్మాయి ఒకటో తరగతి, ఒంటిపూట బడి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. నేను నాలుగింటి దాకా పడుకునేదాన్ని. పిన్నిగారు కూర్చునేది బాబు దగ్గర, మధ్యలో ఓ పావుగంట తన ఇంటికి వెళ్ళొచ్చేది. ఈ పుస్తకంలో మూడో దస్తూరీ ఒకటి మొదలవుతుంది. పెన్సిలుతో, లైను దాటిపోయే పెద్ద పెద్ద అక్షరాలు. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా రాలేదు.

"అమ పడుకుంది. తముడు లేచాడు. నేను ఆడించాను. ఏడవలేదు. మదానం 2."

నాకు నవ్వాగలేదు. "చూడు, అమ్మకీ తమ్ముడికీ ఒత్తుల్లేకుండా చేశావ్" అని దాని ముందు పెట్టాను. అది నవ్వలేదు. ఒళ్ళో పిల్ల జారకుండా ఒక చేత్తో పట్టుకుని, వంగి ఆ పేజీ చాలాసేపు చూసింది.

"ఆ రోజు ఏడ్చాడమ్మా వాడు" అంది.

"ఏ రోజు?"

"ఇదే. పిన్నిగారు వెళ్ళగానే లేచాడు. ఒకటే ఏడుపు. నీ తలుపు మీద చందమామ ఉంది. ఎత్తుకోవడం రాలేదు, చంకల కింద చేతులేసి పెరటి గుమ్మం దాకా ఈడ్చుకెళ్ళాను, నీకు వినపడకుండా. అక్కడ కూర్చోబెట్టి చెంచాతో బకెట్టు మీద వాయించా. పిన్నిగారు వచ్చేదాకా."

"మరి ఏడవలేదని రాశావేం?"

"రాస్తే రేపట్నుంచి నువ్వు పడుకోవుగా."

నేను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ ఆ పేజీ చూశాను. ఆ లైను చివర, ఆ సాయంత్రం లేచి నేను పెట్టిన ఎర్ర టిక్కు ఉంది. పక్కనే, "వెరీ గుడ్" అని.